తుప్పు పట్టిన బైకు బోల్టుల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే వీధిలో ఉంటాను. బండికి ఎంత మంచి రంగు వేయించినా, రెండు వానాకాలాలు గడిచేసరికి బోల్టుల తలలు ఎర్రబడతాయి. ఆ ఎరుపు చూసి విసుగెత్తి స్టెయిన్‌లెస్ బోల్టులు కొనుక్కొచ్చి, కనిపించిన ప్రతి చోటా బిగించేసే వారిని చాలామందిని చూశాను. కొన్ని చోట్ల అది చాలా మంచి పని. కొన్ని చోట్ల ప్రాణం మీదకు వచ్చే పని. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

బండిలో అన్నిటికంటే ముందు బోల్టులే ఎందుకు తుప్పు పడతాయి?

కంపెనీ నుంచి వచ్చే బోల్టులు ఎక్కువగా మామూలు ఉక్కువి. వాటి మీద జింకు పూత ఉంటుంది. ఆ పూత కొన్ని మైక్రాన్ల మందమే. జింకు తాను కరిగిపోతూ లోపలి ఉక్కును కాపాడుతుంది, అది ఉన్నంతకాలం ఎర్ర తుప్పు రాదు. అయితే పానా వేసిన ప్రతిసారీ తల అంచుల దగ్గర పూత గీరుకుపోతుంది. తుప్పు ఎప్పుడూ మొదట ఆ అంచుల దగ్గరే కనిపించడానికి కారణం ఇదే. బోల్టు తల కింద, మరల (బోల్టు చుట్టూ మెలి తిరిగే గాళ్ళు, థ్రెడ్లు) సందుల్లో నీరు నిలిచి త్వరగా ఆరదు. సముద్రతీరంలోనైతే గాలిలోని ఉప్పు గాలిలోని తేమనే పీల్చుకుని, వాన లేని రోజుల్లో కూడా ఆ సందులను తడిగా ఉంచుతుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో తిరిగే బండి, హైదరాబాదులో తిరిగే బండి ఒకే రోజు కొన్నవైనా, నాలుగేళ్ళ తరువాత పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ ఎందుకు తుప్పు పట్టదు?

అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. గాలి తగలగానే ఆ క్రోమియం ఉపరితలం మీద కంటికి కనబడనంత పల్చటి ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ దానంతట అదే అల్లుకుంటుంది. పూత అయితే పోయిందంటే పోయినట్టే, ఇది లోహం తనకు తానే తొడుక్కునే చొక్కా. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ ఈ దారి పట్టాడు. ఇప్పుడు మన వంటింటి స్టీలు గిన్నెలన్నీ ఆ కుటుంబానివే.

పొర తిరిగి అల్లుకోవడానికి గాలి కావాలన్న సంగతి గుర్తుంచుకోండి. గాలి అందని సందుల్లో, ఉప్పు నీరు నిలిచిన చోట స్టెయిన్‌లెస్‌కు కూడా గుంటలు పడతాయి.

స్టెయిన్‌లెస్ బోల్టు మామూలు బోల్టు కంటే బలమైనదేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

బోల్టు తల మీద అంకెలు ఉంటాయి. ఉక్కు బోల్టు మీద 8.8 అని ఉంటే, మొదటి 8 దాని తెగే బలం చదరపు మిల్లీమీటరుకు దాదాపు 800 న్యూటన్లు అని చెబుతుంది. చుక్క తరువాతి 8, అందులో 80 శాతం బరువు వరకు, అంటే 640 వరకు, బోల్టు సాగినా తిరిగి మామూలు పొడవుకు వస్తుందని చెబుతుంది. 10.9 అయితే తెగే బలం 1000, సాగే హద్దు 900.

బజారులో ఎక్కువగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఏ2-70 అని ఉంటుంది. దాని తెగే బలం 700. ఇది విని చాలామంది '800కూ 700కూ తేడా ఎంత?' అంటారు. అసలు తేడా సాగే హద్దులో ఉంది. ఏ2-70కి అది 450 మాత్రమే. ఎం6 బోల్టు, అంటే 6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బోల్టు విషయంలో లెక్క వేస్తే 8.8 బోల్టు దాదాపు 1,300 కిలోల లాగుడు వరకు తట్టుకుని తిరిగి యథాస్థితికి వస్తుంది. ఏ2-70 బోల్టు దాదాపు 920 కిలోల దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది.

బోల్టు పనిచేసేది స్ప్రింగులా. బిగించినప్పుడు అది కొద్దిగా సాగి, ఆ బిగువుతో రెండు భాగాలనూ పట్టి ఉంచుతుంది. ఒకసారి శాశ్వతంగా సాగిపోయిందంటే ఆ బిగువు పోతుంది. పైకి చూడటానికి బోల్టు చక్కగా మెరుస్తూనే ఉంటుంది, లోపల భాగాలు మాత్రం కదలడం మొదలుపెడతాయి. తుప్పు పట్టిన బోల్టు కనీసం కంటికి కనబడి హెచ్చరిస్తుంది. వదులైన మెరిసే బోల్టు ఏ హెచ్చరికా ఇవ్వదు.

అయితే ఎక్కడ మార్చవచ్చు, ఎక్కడ మార్చకూడదు?

బోల్టు ఊడిపడినా, తెగినా మీరు బండి మీద నుంచి కింద పడతారా? ఎక్కడైనా ముందు ఈ ప్రశ్న వేసుకోండి. అవును అనిపించినా, అనుమానం వచ్చినా అక్కడ స్టెయిన్‌లెస్ వద్దు.

ముందు, వెనుక ఇరుసులు, బ్రేకు క్యాలిపర్‌ను పట్టి ఉంచే బోల్టులు, డిస్కు బోల్టులు, హ్యాండిల్ క్లాంపులు, ఫోర్కును పట్టే బోల్టులు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, షాక్ అబ్సార్బర్ బోల్టులు, స్ప్రాకెట్ బోల్టులు, ఇంజనును ఛాసిస్‌కు కట్టేవి, సైడ్ స్టాండు తిరిగే బోల్టు, మనిషి బరువు మోసే ఫుట్‌రెస్ట్ బోల్టులు: వీటిని ముట్టుకోవద్దు. క్రాష్ గార్డును కూడా ఇందులోనే వేస్తాను. ఇంజను లోపలి బోల్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవి తుప్పు పడితే కంపెనీ అసలు బోల్టునే కొత్తది కొని వేయండి.

నిశ్చింతగా మార్చగలిగేవి కూడా చాలానే ఉన్నాయి. ఇంజను పక్క మూతలు, మడ్‌గార్డులు, చైన్ కవరు, సైడ్ ప్యానెళ్ళు, హెడ్‌లైటు చుట్టూ ఉండే చిన్న స్క్రూలు, ఇండికేటర్లు, సీటు కింది ప్లాస్టిక్ భాగాలు, కార్బురేటర్ గిన్నె స్క్రూలు. బండి మీద కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తుప్పులో ఎక్కువ భాగం ఈ జాబితాలోనే ఉంటుంది. అందుకే ఈ పని చేయదగ్గదని నమ్ముతాను.

బ్రేకు ఆయిలు డబ్బా మూత మీద ఉండే రెండు చిన్న స్క్రూలు కూడా మార్చదగినవే. అవి అల్యూమినియంలో కరుచుకుపోయి, ఆయిలు మార్చే రోజున తల అరిగిపోయి ఏడిపిస్తాయి. వాటి మీద పెద్ద బరువేమీ పడదు. బ్రేకు ఆయిలు రంగును తినేస్తుంది కాబట్టి చుట్టూ తడి గుడ్డ పరిచి పని చేయండి.

కొనేటప్పుడు ఏమి చూడాలి? కొట్టులో 'ఎస్.ఎస్. బోల్టు' అంటే అన్నీ ఒకటేనా?

ఒకటి కాదు. తల మీద ఏ2-70, ఏ4-70, ఏ4-80 వంటి ముద్ర ఉండాలి. ఏ2 అంటే 304 రకం, దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఏ4 అంటే 316 రకం, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది. ఉప్పును తట్టుకునే శక్తి దాని నుంచే వస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరం వంటి చోట్ల ఉండేవారు కొంచెం ఖర్చు ఎక్కువైనా ఏ4 తీసుకోండి. వరంగల్‌లోనో కర్నూలులోనో ఉంటే ఏ2 సరిపోతుంది.

ముద్ర లేని బోల్టులు చవకగా దొరుకుతాయి. వాటిలో 202 రకం తరచుగా తగులుతుంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చేసిన ఉక్కు అది. గదిలో తలుపు గొళ్ళేనికి ఫరవాలేదు, సముద్రం పక్కన బండికి పనికిరాదు.

అయస్కాంతం పరీక్షను పూర్తిగా నమ్మకండి. 304, 316 రకాలకు అయస్కాంతం అతుక్కోదన్న మాట స్థూలంగా నిజమే. కానీ బోల్టును చల్లగా నొక్కి తయారు చేసినప్పుడు తల దగ్గర, మరల దగ్గర కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది. పైగా 202 కూడా పెద్దగా అతుక్కోదు, అందువల్ల ఈ పరీక్షతో దాన్ని పట్టుకోలేరు. ఇంకో రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం గట్టిగానే పట్టుకుంటుంది. మీ బండి డిస్కు బ్రేకు పళ్ళెం మీద పెట్టి చూడండి, అది కూడా స్టెయిన్‌లెస్సే.

హైదరాబాదు వైపు వారికి సికింద్రాబాదు రాణిగంజ్, విజయవాడ వారికి ఆటోనగర్ ఉండనే ఉన్నాయి. డజన్ల లెక్కన కాకుండా విడిగా, పొడవులు ఎంచుకుని కొనగలిగే కొట్టు చూసుకోండి.

కొలత ఎలా తీయాలి?

మూడు సంగతులు కావాలి: మర బయటి వ్యాసం, పిచ్, పొడవు. వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. ఎం6 బోల్టు 5.8 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య చూపిస్తుంది. పిచ్ అంటే ఒక మర శిఖరం నుంచి పక్క శిఖరానికి దూరం. మామూలుగా ఎం5కు 0.8, ఎం6కు 1.0, ఎం8కు 1.25 మిల్లీమీటర్లు. ఎం10 దగ్గర జాగ్రత్త అవసరం, 1.25, 1.5 రెండూ కనిపిస్తాయి. పిచ్ గేజ్ లేకపోతే పాత బోల్టునూ కొత్త బోల్టునూ మరలు ఒకదానిలో ఒకటి కూర్చునేలా పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. సందులోంచి వెలుతురు రాకపోతే పిచ్ ఒకటే. పొడవును తల కింద నుంచి కొన వరకు కొలుస్తారు. తల పూర్తిగా లోపలికి దిగిపోయే రకానికి మాత్రం తలను కూడా కలిపి కొలుస్తారు.

పొడవు దగ్గర 'కొంచెం పెద్దదైతే ఏమవుతుందిలే' అనుకోకండి. ఇంజను మూతల రంధ్రాలు చాలావరకు అవతలికి తెరుచుకోని గుడ్డి రంధ్రాలు. పొడవైన బోల్టు అడుగుకు తగిలి ఆగిపోతుంది. మీకు బిగిసినట్టే అనిపిస్తుంది, మూత మాత్రం వదులుగానే ఉంటుంది. ఇంకా తిప్పితే అల్యూమినియం పగులుతుంది. మరీ పొట్టిదైతే రెండు మూడు మరల మీదే భారం పడి అవి ఊడి వచ్చేస్తాయి. అల్యూమినియంలో బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోతున మర పట్టాలి. ఎం6 అయితే 9 మిల్లీమీటర్లు.

ఇంకో తిరకాసు పానా కొలత. జపాను పద్ధతి బండ్లలో ఎం8 బోల్టుకు 12 నంబరు పానా, ఎం10కు 14 నంబరు పడుతుంది. బజారులోని స్టెయిన్‌లెస్ బోల్టులకు ఎక్కువగా 13, 16 లేదా 17 పడతాయి. దారిలో ఆగినప్పుడు బండితో వచ్చిన పానాలు పనికిరావు. కొత్త కొలత పానా ఒకటి సీటు కింద పెట్టుకోండి.

నాది పాత బుల్లెట్. దానికీ ఇవే కొలతలా?

పోత ఇనుప ఇంజను కాలపు బుల్లెట్లలో చాలా చోట్ల బ్రిటిష్ అంగుళాల మరలు ఉంటాయి. మద్రాసులో తయారీ 1955లో మొదలైనప్పుడు ఇంగ్లండు డిజైనే వచ్చింది, దానితో పాటే ఆ మరలూ వచ్చాయి. తరువాతి కాలంలో మిల్లీమీటర్ల మరలు కలిశాయి. ఒకే బండిలో రెండూ ఉండవచ్చు.

ఇక్కడ పొరపాటు ఎంత సులువో చూడండి. ఆ బ్రిటిష్ మరల్లో ఒక రకం పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 26 మరలు. అంటే పిచ్ దాదాపు 0.98 మిల్లీమీటర్లు, వ్యాసం 6.35. ఎం6కు పిచ్ 1.0, వ్యాసం 6. కాబట్టి ఎం6 బోల్టు ఆ రంధ్రంలోకి హాయిగా దిగుతుంది, తిరుగుతుంది, సరిపోయిందనిపిస్తుంది. కానీ మర కోణాలే వేరు, ఈ రకం బ్రిటిష్ మరకు 55 డిగ్రీలు, మెట్రిక్ (మిల్లీమీటర్ల) మరకు 60. బిగించగానే శిఖరాల కొసల మీద భారం పడి మర కొట్టుకుపోతుంది. పాత బుల్లెట్ మీద పని చేసేవారు ప్రతి బోల్టునూ విడిగా కొలవాలి. జావా, యెజ్డీ బండ్లు చెక్ డిజైనువి కాబట్టి వాటిలో ఈ చిక్కు లేదు, మొదటి నుంచీ మెట్రిక్ మరలే.

ఎల్ కీ పట్టే తల మంచిదా, షడ్భుజి తల మంచిదా?

ఇంజను పక్క మూతలకు ఎల్ కీ తల చాలా బాగుంటుంది. యమహా ఆర్ఎక్స్ 100 వంటి బండ్లకు మూతల మీద ప్లస్ గుర్తు స్క్రూలు ఉండేవి, వాటి స్థానంలో ఎల్ కీ బోల్టులు వేస్తే తరువాతిసారి విప్పడం సుఖం. ఎత్తయిన గుండ్రటి తల ఉన్న ఎం6కు 5 మిల్లీమీటర్ల కీ పడుతుంది. గుండీలా పల్చగా ఉండే తలకు 4 మిల్లీమీటర్ల కీయే పడుతుంది, అది త్వరగా అరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుందని ఆ గుండీ తలను ఇంజను మీద వాడకండి, ప్యానెళ్ళకు వాడండి. ఎల్ కీ గుంటలో నీరూ మట్టీ చేరతాయి, బిగించాక అందులో కొంచెం గ్రీజు నింపితే చాలు. పాత బోల్టుకు తల కిందే వెడల్పు అంచు ఉండి, కొత్తదానికి లేకపోతే స్టెయిన్‌లెస్ వాషరు వేయడం మరవకండి.

పాత బోల్టు కదలడం లేదు. ఏమి చేయాలి?

మొదట బలం వాడకూడదు. ఈ పనిలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం విప్పేటప్పుడే, తొందరలోనే జరుగుతుంది.

ముందు రోజు సాయంత్రం తీగల బ్రష్షుతో మరల దగ్గరి మట్టి, తుప్పు రాల్చి, తుప్పును వదిలించే నూనె వేయండి. గంట తరువాత మళ్ళీ వేయండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున తల మీద సరిగ్గా నడిమధ్యలో ఇనుప పంచ్ ఆనించి సుత్తితో రెండు మూడు దెబ్బలు వేయండి. ఆ అదురుకు లోపల తుప్పు పట్టు విడుతుంది. తరువాత ఆరు మూలలూ పట్టే రింగు పానా వేసి, ముందు బిగించే దిక్కున వెంట్రుకవాసి కదిపి, ఆ తరువాత విప్పండి. కొంచెం కదిలితే ఆగి, మళ్ళీ నూనె వేసి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయండి. ఒకే పట్టున లాగితే తెగేది బోల్టే.

అల్యూమినియంలో ఇరుక్కున్న ఉక్కు బోల్టుకు వేడి మంచి మందు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వంద డిగ్రీలు పెరిగితే 10 మిల్లీమీటర్ల రంధ్రంలో వచ్చే సందు సుమారు 0.01 మిల్లీమీటరే, అయినా పట్టు విడవడానికి అది చాలు. వేడిగాలి గన్ను వాడండి, మంట వద్దు. పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టి, కార్బురేటర్ ఖాళీ చేశాకే మొదలుపెట్టండి. పక్కనే ఆయిలు సీళ్ళు, రబ్బరు భాగాలు ఉంటే అక్కడ వేడి జోలికి వెళ్ళకండి.

ప్లస్ స్క్రూలకు సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కావాలి. ఆ దెబ్బ మొనను లోపలికి నొక్కుతూనే తిప్పుతుంది కాబట్టి తల అరగదు. జపాను పద్ధతి స్క్రూల గుంట మామూలు స్క్రూడ్రైవర్ మొనకు సరిగ్గా సరిపోదు, జారిపోతుంది. వాటి తల మీద తరచుగా చిన్న చుక్క గుర్తు ఉంటుంది. తల ఇప్పటికే కొంత అరిగి ఉంటే, వాల్వులు రుద్దే గరుకు పేస్టు కొంచెం మొనకు రాస్తే పట్టు దొరుకుతుంది. నాకు ఇది చాలాసార్లు పనికొచ్చింది.

బోల్టు తెగిపోయింది!

కంగారు పడకండి. పైకి కొంచెం మిగిలి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగు చేయిస్తే, ఆ వేడికే సగం వదులై నట్టుతో పాటు తిరిగి వచ్చేస్తుంది. లోపలికి తెగితే నడిమధ్యలో పంచ్ గుర్తు పెట్టి, ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్టుతో రంధ్రం చేయాలి. చాలాసార్లు డ్రిల్లు చేస్తుండగానే ముక్క బయటకు వస్తుంది. రాకపోతే లేత్ షాపుకు తీసుకెళ్ళండి. ముక్క తీసే ఎక్స్‌ట్రాక్టర్‌ను ఇంట్లో మొదటిసారి ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతాను. అది చాలా గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్లుతో దాన్ని తొలవలేరు.

మర పోయిన రంధ్రానికి హెలికాయిల్ వేయించవచ్చు. అది స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ తీగ. సరిగ్గా వేస్తే అసలు అల్యూమినియం మర కంటే గట్టిగా ఉంటుంది.

అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ వేస్తే అది అల్యూమినియంను తినేస్తుందని విన్నాను. నిజమేనా?

సగం నిజం. రెండు వేర్వేరు లోహాలు తగిలి, మధ్యలో ఉప్పు నీరు చేరితే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ జంటలో తరిగిపోయేది అల్యూమినియమే. అయితే చిన్న బోల్టు, పెద్ద అల్యూమినియం దిమ్మ ఉన్నచోట ఆ నష్టం పెద్ద వైశాల్యం మీద పంచుకుంటుంది కాబట్టి దిమ్మ కరిగిపోదు. నష్టం జరిగేది మరల సందులో. అక్కడ తెల్లటి పొడి పేరుకుని బోల్టును సిమెంటు పోసినట్టు బిగించేస్తుంది.

మందు సులువు. ప్రతి బోల్టు మరకూ యాంటీ సీజ్ గ్రీజు (మరలు కరుచుకుపోకుండా రాసేది) పల్చగా రాయండి, అంతే. నీటిని సందులోకి రానివ్వదు. గుడ్డి రంధ్రంలో మాత్రం గ్రీజు దట్టంగా నింపకండి, బిగిస్తున్నప్పుడు అది పోవడానికి దారి లేక ఒత్తిడితో పోతను పగలగొట్టగలదు. రాయాల్సింది బోల్టుకు, రంధ్రంలో కాదు.

ఎంత బిగించాలి?

మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకె పొడి మరలకు ఇచ్చినదైతే, యాంటీ సీజ్ రాశాక దాన్ని 20 నుంచి 25 శాతం తగ్గించండి. జారుడు ఎక్కువై, అదే తిప్పుడుకు బోల్టు మరింత సాగుతుంది. స్టెయిన్‌లెస్ సాగే హద్దు తక్కువని పైన చూశాం కదా, ఈ తగ్గింపు అందుకూ అవసరమే. ఇంజను మూతల ఎం6 బోల్టుకు పుస్తకాలు ఎక్కువగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర చెబుతాయి. 10 సెంటీమీటర్ల పానా కొసన 10 కిలోల లాగుడు అన్నమాట. అరచేతి బలమంతా అక్కర్లేదు. వీలైతే చిన్న టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) కొనుక్కోండి, ఒక్క పోత మూత పగలకుండా కాపాడినా దాని ఖర్చు వచ్చేస్తుంది. మూతలను ఎదురెదురు మూలల వరుసలో, రెండు మూడు విడతలుగా బిగించాలి.

స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే సగంలో బిగుసుకుపోయింది. ఎందుకు?

మరలు రాసుకున్నప్పుడు పైన ఉన్న ఆక్సైడు పొర చిరిగి, లోపలి లోహానికి లోహం అతుక్కుపోతుంది. ఒకసారి అతుక్కుంటే ముందుకూ పోదు, వెనక్కూ రాదు, కోయడమే. ఎయిర్ గన్నుతో వేగంగా బిగించేవారికి ఇది ఎక్కువగా జరుగుతుంది. చేతితో, నెమ్మదిగా, యాంటీ సీజ్ రాసి బిగించండి. మధ్యలో గట్టిగా అనిపించిన క్షణమే ఆగి వెనక్కు తిప్పండి.

వదులు కాకుండా జిగురు వేయవచ్చా?

వేయవచ్చు, కానీ జిగురూ యాంటీ సీజ్ రెండూ కలిపి వేయకూడదు. మరల జిగురు గాలి అందకపోతే, లోహం స్పర్శతో గట్టిపడుతుంది. స్టెయిన్‌లెస్ ఉపరితలం చురుకైనది కాదు కాబట్టి చాలా జిగుర్లు దాని మీద ఆలస్యంగా గట్టిపడతాయి. ఒక రోజు వదిలేయండి లేదా దానికి తగిన యాక్టివేటర్ వాడండి. నైలాను రింగు నట్టులు మడ్‌గార్డులకు, ప్యానెళ్ళకు చాలా బాగుంటాయి. సైలెన్సర్ దగ్గర వద్దు, 120 డిగ్రీలు దాటితే నైలాను పట్టు పోతుంది.

సైలెన్సర్ బోల్టుల సంగతి?

సైలెన్సర్ మీది వేడి కవచం స్క్రూలకు స్టెయిన్‌లెస్ మంచిది. వేడికి రంగు మారి బంగారు, నీలి ఛాయలు వస్తాయి, అది తుప్పు కాదు. సిలిండర్ దగ్గర గొట్టాన్ని పట్టే స్టడ్లకు (తల లేని మర కడ్డీలకు) నా మొగ్గు ఇత్తడి నట్టుల వైపే. ఉక్కు స్టడ్డు మీద ఇత్తడి కరుచుకుపోదు, ఏళ్ళ తరువాత కూడా విప్పగలుగుతారు. అక్కడ రాసే గ్రీజు రాగి రకమై ఉండాలి, మామూలు గ్రీజు కాలిపోతుంది.

స్టెయిన్‌లెస్ వేశాక కూడా గోధుమరంగు మచ్చలు వచ్చాయి. మోసపోయానా?

చాలాసార్లు కాదు. తీరప్రాంతంలో 304 మీద టీ మరకల్లాంటి పైపై మచ్చలు వస్తాయి, గుడ్డతో తుడిస్తే పోతాయి. ఇంకో కారణం మామూలు ఉక్కు తీగల బ్రష్షు. దాని ఇనుప రేణువులు స్టెయిన్‌లెస్‌లో గుచ్చుకుని అవి తుప్పు పడతాయి. నైలాను బ్రష్షు గానీ, స్టెయిన్‌లెస్ తీగల బ్రష్షు గానీ వాడండి. వాటర్ సర్వీసింగులో కొందరు చక్రాలకు ఆసిడ్ కొడతారు. అందులోని క్లోరైడు స్టెయిన్‌లెస్‌కు కూడా శత్రువే, వద్దని ముందే చెప్పండి.

బ్రేకు బోల్టులు మార్చవద్దన్నారు. మరి వాటి తుప్పుకు దారేమిటి?

కొత్త అసలు బోల్టు కొనడమే నా మొదటి సలహా. రెండో దారి పైపై తుప్పును శుభ్రం చేసి, బిగించిన తరువాత తల మీద పల్చగా మైనం పూత గానీ, గ్రీజు గానీ రాస్తూ ఉండటం. డిస్కు మీదకు ఒక్క చుక్క కూడా వెళ్ళనివ్వకండి.

మామూలు చిన్న బోల్టులను నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో కొన్ని గంటలు నానబెడితే తుప్పు వదులుతుంది. ఇత్తడి బిందెలకు చింతపండు వేసి తోమిన ఇళ్ళలో పెరిగినవారికి ఈ కిటుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తరువాత కడిగి, ఆరబెట్టి, జింకు పూత వేసేవారికి ఇస్తే కొత్తవాటిలా వస్తాయి. కానీ 10.9, 12.9 ముద్ర ఉన్న బోల్టులను ఏ ఆమ్లంలోనూ వేయకండి. ఆమ్లంలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అలాంటి బోల్టు బిగించిన కొన్ని గంటలకో రోజులకో ఉన్నట్టుండి తెగిపోవచ్చు.

నంబరు ప్లేటు స్క్రూలు మార్చవచ్చా?

2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు ఉంటాయి. వాటిని తీస్తే మళ్ళీ వాడలేని స్నాప్ లాకులతో బిగిస్తారు. వాటిని కదపవద్దు. ప్లేటు వెనుక ఉండే బ్రాకెట్టును మడ్‌గార్డుకు కలిపే బోల్టులు మాత్రం మార్చుకోవచ్చు.

పూర్తి కిట్లు దొరుకుతున్నాయి కదా, అవి కొంటే సరిపోదా?

ఇంజను మూతల కిట్టు అయితే కొనండి, పొడవులు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. 'బండి మొత్తానికి' అని అమ్మే కిట్టులో క్యాలిపర్ బోల్టులు, ఇరుసు నట్టులు ఉంటే అవి పక్కన పెట్టేయండి. రంగురంగుల అల్యూమినియం బోల్టులు ప్యానెల్‌కు తప్ప దేనికీ వద్దు.

ఒకేసారి అన్నీ విప్పి మార్చనా?

వద్దు. ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది వేసి, తరువాత ఇంకొకటి. మూత కదలదు, గాస్కెట్టు చిరగదు, పొడవులు కలగలిసిపోవు. మూత విప్పాల్సిన పనే ఉంటే ఒక అట్టముక్క తీసుకుని మూత ఆకారం గీసి, ప్రతి బోల్టునూ దాని స్థానంలో అట్టకు గుచ్చండి. ఇంజను మూతల్లో పక్కపక్క బోల్టులే 5 మిల్లీమీటర్ల తేడాతో ఉంటాయి.

తీసేసిన పాత బోల్టులు పారేయవచ్చా?

కొన్నాళ్ళు ఉంచండి. ఏ చోటివో కాగితం మీద రాసి కవరులో వేసి పెట్టండి. రేపు కొత్త బోల్టు ఎక్కడైనా పడిపోతే, కొట్టుకు తీసుకెళ్ళి 'ఇలాంటిది' అని చూపించడానికి ఆ తుప్పు బోల్టే పనికొస్తుంది. కొత్తవి వేశాక వంద కిలోమీటర్లు తిరిగి, ఇంజను పూర్తిగా చల్లారాక, ఒక్కొక్కదాన్నీ పానాతో తాకి చూడండి. మొదటిసారి నేను మార్చినప్పుడు పద్నాలుగింటిలో రెండు వదులయ్యాయి.